టికెట్టును చదివిన కళ్లు: రెజిమెంటల్ బజార్ పక్క కథ

సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో లోపలికి వెళ్లే గేటుకు రెండు కళ్లున్నాయి. ఒకదాని దగ్గర కార్డు పెడితే చాలు, గేటు రెక్కలు తెరుచుకుంటాయి. రెండోదానికి ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ చూపించాలి. ఒకే గేటులో రెండు రకాల రీడర్లు ఎందుకు, ఒకటి సరిపోదా అని అక్కడ ఆగి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. వెనక జనం తోసుకొస్తూ ఉంటారు. ఆ తోపులాటే జవాబులో సగం. మిగతా సగం కావాలంటే అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న రెజిమెంటల్ బజార్ వైపు, దానిని ఆనుకుని ఉన్న రైల్వే స్టేషన్ వైపు చూడాలి. టికెట్టును ఎవరు చదవాలి, ఎంత త్వరగా చదవాలి, ఎంతవరకు నమ్మాలి అనే లెక్క అక్కడ 1874 నుంచి మారుతూనే ఉంది.

రెజిమెంటల్ బజార్ రైలు కంటే పాత సంగతి. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండుకు అప్పటి నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. పటాలం ఉన్నచోట బజారు తప్పదు. ఆ కాలపు కంటోన్మెంట్లలో బజార్లు రెండు రకాలు. ఊరందరికీ ఉమ్మడిగా ఉండే సదర్ బజారు ఒకటి. ఒక్కో పటాలాన్ని అంటిపెట్టుకుని, దాని కమాండింగ్ అధికారి అదుపులో నడిచే రెజిమెంటల్ బజారు రెండోది. పటాలం కదిలితే కోమట్లు, కూలీలు, దర్జీలు, చాకళ్లు మూటలు కట్టుకుని వెంట కదిలేవాళ్లు. అలా కదిలే బజార్ల పేరు సికింద్రాబాద్‌లో ఒకచోట పాతుకుపోయింది. పటాలాలు వెళ్లిపోయినా వీధి మిగిలింది, పేరూ మిగిలింది.

అలాంటి బజారులో మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఎవరు ఏ పటాలం వాడో, ఎవరి ఖాతా ఎంతో దుకాణదారుకు ముఖం చూస్తే తెలిసేది. రైలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు లైను వేశారు. 1874 అక్టోబరులో రైలు నడిచింది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంతో కలుస్తుంది. అంటే ఒక్కసారిగా ఈ బజారు పక్కకు బొంబాయి వాళ్లు, మద్రాసు వాళ్లు, గుల్బర్గా రైతులు, పుణె సిపాయిలు దిగడం మొదలుపెట్టారు. 1889 నాటికి లైను బెజవాడ దాకా సాగి కృష్ణాతీరం మనుషులను కూడా తెచ్చింది. వీళ్లలో ఎవరి ముఖమూ గేటు దగ్గరి ఉద్యోగికి తెలియదు. ముఖం బదులు చదవడానికి చేతిలో ఒక వస్తువు ఉండాలి. ఆ వస్తువే అట్ట టికెట్టు.

దాన్ని కనిపెట్టిన థామస్ ఎడ్మండ్‌సన్ ఇంగ్లండువాడు. చెక్కపని నేర్చి, బల్లలు, బీరువాలు చేసి, వ్యాపారంలో దివాలా తీసి, చివరికి న్యూకాజిల్ – కార్లైల్ రైలు మార్గంలో మిల్టన్ అనే చిన్న స్టేషన్‌కు మాస్టరయ్యాడు. అప్పటిదాకా ప్రయాణికుడికి చీటీ చేత్తో రాసిచ్చేవాళ్లు. ఎన్ని చీటీలు రాశారో, ఎంత డబ్బు వచ్చిందో తేలాలంటే గుమాస్తా నిజాయితీ ఒక్కటే దిక్కు. 1830ల చివర్లో ఎడ్మండ్‌సన్ దానికి విరుగుడు కనిపెట్టాడు. రెండంగుళాల పైచిలుకు పొడవు, అంగుళం పైచిలుకు వెడల్పు ఉన్న గట్టి అట్టముక్క మీద ముందుగానే ఊళ్ల పేర్లు, వరుస సంఖ్య అచ్చు వేయించాడు. అమ్మేటప్పుడు తారీఖు కొట్టే చిన్న యంత్రం కూడా చేశాడు. ఈ పద్ధతి వాడుకునే రైల్వే కంపెనీలు మార్గంలో మైలుకు ఏడాదికి పది షిల్లింగుల చొప్పున అతనికి చెల్లించేవి.

సికింద్రాబాద్ బుకింగ్ కిటికీ వెనక కూడా ఇదే సరంజామా. చెక్క అరలో ఊరికొక గూడు, గూట్లో వరుస సంఖ్య ప్రకారం పేర్చిన టికెట్లు. గుమాస్తా ఒకటి లాగి, తారీఖు యంత్రంలో పెట్టి టక్కున కొట్టి ఇచ్చేవాడు. సాయంత్రం లెక్క చూడటానికి మిగిలిన మొదటి టికెట్టు సంఖ్యలోంచి పొద్దున్నది తీసేస్తే చాలు. దానిని ఛార్జీతో గుణిస్తే పెట్టెలో ఉండాల్సిన సొమ్ము తెలుస్తుంది. పిల్లల టికెట్టయితే ఒక మూల కత్తిరించి ఇచ్చేవాళ్లు. తరగతిని బట్టి రంగు మారేది. గేటు దగ్గర టీసీ టికెట్టు మీది అక్షరాలు పూర్తిగా చదవనక్కర్లేదు. రంగు, మూల, తారీఖు గుంట చూస్తే చాలు. కంటికి ఆనకపోతే వేలికి తెలిసేది. పంచ్ కత్తెరతో ఒక చిల్లు పెట్టి లోపలికి వదిలేవాడు, దిగే ఊళ్లో మరొకరు టికెట్టు తీసేసుకునేవాళ్లు.

ఈ పద్ధతి వందేళ్లకు పైగా ఎందుకు నిలిచిందో ఇక్కడ ఆగి చూడాలి. ఆ అట్టముక్కలో సమాచారమంతా చదివేవాడి వేగానికి తగ్గట్టు అమర్చి ఉంది. రద్దీలో ఒక మనిషికి దొరికేది ఒక్క క్షణం. ఆ క్షణంలో మసక వెలుతురులో, చెమట చేతుల మధ్య, రంగూ ఆకారమూ మాత్రమే పనికొస్తాయి. ఎడ్మండ్‌సన్ దీన్ని గ్రహించాడు. తర్వాత వచ్చిన ప్రతి యంత్రానికీ ఇదే పరీక్ష ఎదురైంది. అందులో ఓడినవి చాలానే ఉన్నాయి. అట్టముక్క అలవాటు టికెట్టు దగ్గరే ఆగలేదు. స్టేషన్ బరువు యంత్రాలు కూడా రూపాయి బిళ్లకు బదులుగా ఇలాంటి చిన్న అట్టముక్కే ఇచ్చేవి. దాని మీద ఒకవైపు బరువు, ఇంకోవైపు సినిమా తారతో పాటు జోస్యం ఉండేవి. ఆ ముక్కలు దాచుకున్న పిల్లలకు ఇప్పుడు తల నెరిసింది. టికెట్టు అంటే చేతికి తగిలే వస్తువు అన్న భావన ఆ తరానికి అంత లోతుగా నాటుకుంది.

నిజాం రైల్వే 1930లో ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టి, సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. యజమానులు ఇన్నిసార్లు మారినా అట్టముక్క మారలేదు.

మార్పు రిజర్వేషన్ దగ్గర మొదలైంది. సాధారణ టికెట్టు ‘ఇతను డబ్బు కట్టాడు’ అని చెబితే సరిపోతుంది. రిజర్వేషన్ టికెట్టు ‘ఈ రోజు, ఈ రైల్లో, ఈ పెట్టెలో, ఈ బెర్తు ఇతనిదే, ఇంకెవరిదీ కాదు’ అని చెప్పాలి. ఆ మాటకు సాక్ష్యం టికెట్టులో ఉండదు, రిజిస్టరులో ఉంటుంది. ఒక్కో రైలుకు ఒక్కో రోజుకు ఒక్కో పుస్తకం. ఆ పుస్తకం ఎవరి బల్ల మీదుంటే ఆ కిటికీ దగ్గరే ఆ రైలుకు క్యూ. తప్పు కిటికీలో నిలబడితే పూటంతా పోయినట్టే. తిరుగు ప్రయాణానికి ఢిల్లీలోనో మద్రాసులోనో బెర్తు కావాలంటే తంతి కొట్టి, జవాబు కోసం ఎదురుచూడాలి.

ఈ ముడిని విప్పిన పనిలో సికింద్రాబాద్ వాటా గట్టిది. ఆ సంగతి ఊరివాళ్లలోనే చాలామందికి తెలియదు. 1975లో మొదలైన ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ, 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లాక దాని కంప్యూటర్ల నిర్వహణ చేపట్టి పేరు తెచ్చుకుంది. దాని పరిశోధనా కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉండేది. రైల్వే కోసం ఇంప్రెస్ అనే రిజర్వేషన్ వ్యవస్థను సీఎంసీ తయారు చేసింది. 1985లో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలై, 1987 నాటికి కలకత్తా, బొంబాయి, మద్రాసులకు, 1989లో సికింద్రాబాద్‌కు చేరింది. ఏ కిటికీలోనైనా ఏ రైలుకైనా టికెట్టు దొరకడం అప్పటి జనానికి చిన్న విషయం కాదు. రైలుకొక క్యూ పోయింది.

కానీ ఆ అయిదు నగరాల కంప్యూటర్లు దేనికది వేరు. వాటిని కలపడానికి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, కాన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. 1994 సెప్టెంబరులో దాన్ని మొట్టమొదట నడిపింది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ ఒకే వలలోకి వచ్చాయి. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో చూసినా కనిపించే పదంకెల పీఎన్ఆర్ ఆ వలలో ఒక ముడి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టగలిగిందంటే ఈ పునాది ఉండబట్టే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మలుపు ఉంది. టికెట్టు విలువ కాగితంలోంచి జారి కంప్యూటరులోని వరుసలోకి వెళ్లిపోయింది. కాగితం ఆ వరుసకు గుర్తు మాత్రమే. గుర్తు చాలనుకున్నాక, అది అట్టే కానవసరం లేదు, కాగితమే కానవసరం లేదు. యంత్రం చదవగలిగిన దేనినైనా టికెట్టు చేయవచ్చు.

అదే 1994లో, సికింద్రాబాద్ గురించి విననైనా వినని రెండు చోట్ల, రెండు వస్తువులు పుట్టాయి. జపాన్‌లో డెన్సో కంపెనీ ఇంజనీరు మసాహిరో హారా బృందం క్యూఆర్ కోడ్ తెచ్చింది. కార్ల విడిభాగాల పెట్టెల మీద ఒక్కోదానికి పది దాకా బార్‌కోడ్‌లు అతికించి, ఒక్కొక్కటీ స్కాన్ చేసి కార్మికులు అలసిపోయేవాళ్లు. గీతల బార్‌కోడ్ అడ్డంగా మాత్రమే చెబుతుంది. నిలువునా కూడా చెప్పించగలిగితే చిన్న చోట చాలా పడుతుంది. హారాకు పట్టిన చిక్కు కోడ్ ఎక్కడుందో యంత్రం వెంటనే కనిపెట్టడం ఎలా అన్నది. అచ్చయిన పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు వెతికించి, మామూలు అచ్చులో అతి తక్కువగా కనిపించే నలుపు–తెలుపుల నిష్పత్తి ఏదో తేల్చారు. అది 1:1:3:1:1. మూడు మూలల్లో కనిపించే చదరాలు ఆ నిష్పత్తివే. ఏ దిక్కు నుంచి గీత గీసినా అదే వరుస వస్తుంది కాబట్టి కోడ్ తలకిందులైనా, వంకరైనా యంత్రం పట్టేస్తుంది. పైగా అందులో తప్పులు సరిదిద్దుకునే గణితం ఉంది. ఎంచుకున్న స్థాయిని బట్టి ఏడు నుంచి ముప్ఫై శాతం వరకు చెడిపోయినా చదవవచ్చు. డెన్సో పేటెంటు తన దగ్గరే పెట్టుకుని, వాడుకునే హక్కు మాత్రం అందరికీ వదిలేసింది. లోకమంతా అది పాకడానికి ఈ ఉదారత ఎంత కారణమో ఇంజనీరింగు అంతే కారణం.

రెండోది ఆస్ట్రియాలో, గ్రాట్కోర్న్ అనే చిన్న పట్టణంలో. మిక్రాన్ అనే సంస్థ ప్రయాణ ఛార్జీల వసూలు కోసం మైఫేర్ అనే చిప్ విడుదల చేసింది. తర్వాత అది ఫిలిప్స్ చేతికి, ఆపైన ఎన్ఎక్స్‌పీ చేతికి వెళ్లింది. కార్డులో బ్యాటరీ లేదు. గేటులోని తీగచుట్ట 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దగ్గరకు తెచ్చిన కార్డులోని తీగచుట్టలో దాని వల్ల కరెంటు పుట్టి చిప్ మేల్కొంటుంది, మాట్లాడుతుంది, దూరం జరగగానే నిద్రపోతుంది. పది సెంటీమీటర్లు దాటితే పని జరగదు. పక్కవాడి జేబులోని కార్డులోంచి పొరపాటున డబ్బు పోకుండా ఆ తక్కువ దూరమే కాపాడుతుంది.

ఈ రెండింటికి ముందు బార్‌కోడ్ కథలో రైల్వేకు ఒక చేదు అధ్యాయం ఉంది. కిరాణా దుకాణంలో మొదటి బార్‌కోడ్ చదివింది 1974 జూన్ 26న, అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద. రైళ్లు అంతకు ముందే ప్రయత్నించాయి. 1967లో అమెరికా రైల్వేలు కార్‌ట్రాక్ అనే పద్ధతి ఎంచుకున్నాయి. ప్రతి వ్యాగన్ పక్కన ఎరుపు, నీలం, తెలుపు మెరుపు పట్టీలు వరుసగా అతికించాలి. పట్టాల పక్కన నిలిపిన రీడర్ వాటిని దారిలోనే చదివి ఏ వ్యాగన్ ఎక్కడుందో చెబుతుంది. కొద్ది ఏళ్లలో దాదాపు వ్యాగన్లన్నిటికీ పట్టీలు పడ్డాయి. కానీ బొగ్గుధూళి, బురద, మంచు కప్పేశాయి. తుడవడానికి ఎవరూ లేరు. అయిదింట ఒకటి చదవలేని స్థితి వచ్చింది. 1970ల చివర్లో ఆ పని మొత్తం వదిలేశారు. అక్కడి వ్యాగన్లకు తర్వాత రేడియో ట్యాగ్‌లు వచ్చాయి. రేడియోకు దుమ్ముతో పేచీ లేదు. మన రైల్వే కూడా వ్యాగన్లకు అవే బిగిస్తోంది.

ఆ దుమ్ము పాఠం సికింద్రాబాద్ లాంటి ఊరికి అక్షరాలా వర్తిస్తుంది. మెట్రో గేటుకు రీడర్ మాడ్యూల్ ఎంచుకునే ఇంజనీరు కాగితం మీది వేగాన్ని ఒక్కదాన్నే చూస్తే మోసపోతాడు. గేటు లోపల బిగించే మాడ్యూల్ అంటే అరచేతిలో పట్టే చిన్న బోర్డు. క్యూఆర్ వైపు ఒక చిన్న కెమెరా, వెలుతురుకు దీపాలు, బొమ్మలోంచి కోడ్ వెతికే చిప్ ఉంటాయి. కార్డు వైపు తీగచుట్ట, దాన్ని నడిపే చిప్, తాళం చెవులు దాచుకునే సిమ్‌లాంటి భద్రతా చిప్ ఉంటాయి. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణాలకు అమ్మే బార్‌కోడ్ స్కానరుకు, దీనికి చుట్టరికం ఉంది, కానీ పని వేరు. దుకాణంలో స్కానరు పట్టుకునేది నేర్పున్న చెయ్యి. వస్తువు కదలదు. గేటు దగ్గర రీడర్ కదలదు, చెయ్యే కదులుతుంది. ఆ చెయ్యి రోజుకు వేల మందిది.

మొదటి చిక్కు ఫోన్ తెర. పాత లేజరు స్కానర్లు కాగితం మీద పడి తిరిగొచ్చే వెలుగును కొలుస్తాయి. తెర తనే వెలుగుతుంది, దాని గాజు లేజరును ఎటో తిప్పేస్తుంది. అందుకే ఫోన్‌లో టికెట్టు అన్నప్పుడే లేజరు పక్కకు పోయి కెమెరా రకం వచ్చింది. కెమెరాకూ బాధలున్నాయి. వెలుతురు తగ్గించి పెట్టుకున్న తెర, పగిలిన గాజు, స్టేషన్ పక్క నుంచి ఏటవాలుగా పడే సాయంత్రపు ఎండ అన్నీ దానికి అడ్డమే. ఫోన్‌ను మరీ ఆనించి పెట్టినా కెమెరాకు బొమ్మ మసకే. పైనున్న గాజు పలక మీద గీతలు పడితే కార్‌ట్రాక్ కథే.

రెండో చిక్కు ఇనుము. గేటు పెట్టె స్టీలుది. తీగచుట్ట పక్కన లోహం ఉంటే అయస్కాంత క్షేత్రం దానిలో సుడి కరెంట్లు పుట్టించి నీరసించిపోతుంది. పది సెంటీమీటర్లు పట్టాల్సింది రెండుకు దిగుతుంది. మధ్యలో ఫెర్రైట్ పలక వేసి, చుట్ట చుట్టూ ప్లాస్టిక్కు ఖాళీ వదిలి కూర్చాలి. క్యూఆర్ కెమెరానూ కార్డు చుట్టనూ ఒకే ముఖం మీద పక్కపక్కన పెడితే ఫోన్ చూపించేవాడి ఫోన్ వెనకున్న బ్యాంకు కార్డును చుట్ట పలకరిస్తుంది. పర్సులో రెండు కార్డులుంటే ఇంకో తంటా. రెండూ ఒకేసారి జవాబిస్తాయి. విడివిడిగా వినే పద్ధతి ప్రమాణంలో ఉన్నా, ఏ కార్డులోంచి డబ్బు తీయాలో గేటు తేల్చుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా.

అన్నిటికంటే పెద్దది సమయం. మెట్రో రైలు మూడు పెట్టెల్లో దాదాపు వెయ్యి మందిని మోయగలదు. సికింద్రాబాద్‌లో ఒక రైలు నుంచి అయిదారు వందల మంది దిగి ఆరు గేట్ల మీద పడ్డారనుకుందాం. మనిషికి ఒక్క సెకను ఎక్కువ పట్టినా చివరివాడు నిమిషంన్నర అదనంగా నిలబడతాడు. ఈలోపు తర్వాతి రైలు వచ్చేస్తుంది. లండన్‌లో బ్యాంకు కార్డులతో ప్రయాణానికి అనుమతించేటప్పుడు అక్కడి రవాణా సంస్థ పట్టుబట్టింది కూడా ఈ విషయం మీదే. అర సెకనులో పని ముగియాలంది. 2012లో బస్సుల్లో, 2014లో మెట్రోలో అది సాధ్యమైంది. కార్డు ఈ పరీక్షలో సులువుగా గెలుస్తుంది. ఫోన్ తీసి, తాళం తెరిచి, యాప్ వెతికి, తెర చూపించేవాడు ఓడిపోతాడు. అయినా క్యూఆర్‌ను వదులుకోలేరు. కార్డు కొనాలి, టోకెన్‌ను తిరిగి తీసుకోవాలి, లెక్కపెట్టాలి. క్యూఆర్‌కు అవేవీ లేవు, అందరి జేబులో ఫోన్ ఉంది. రోజూ వచ్చే ఉద్యోగికి కార్డు, పెళ్లికో ఆసుపత్రికో వచ్చినవాడికి కోడ్. అందుకే ఒకే గేటుకు రెండు కళ్లు. సరైన ఎంపిక అదే, ఖర్చు ఎక్కువైనా సరే.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభమైంది. నాగోలు వైపు మార్గంలోని సికింద్రాబాద్ ఈస్ట్ ఆ తొలి విడతలోదే. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే మార్గం 2020 ఫిబ్రవరిలో తెరుచుకుని సికింద్రాబాద్ వెస్ట్‌ను తెచ్చింది. కార్డు, టోకెన్‌లతో మొదలైన గేట్లకు క్యూఆర్ తోడైంది. 2022లో వాట్సాప్‌లోనే టికెట్టు కొనే వీలు వచ్చింది.

భద్రత సంగతి కూడా గేటు దగ్గరే తేలుతుంది. మొదటి తరం మైఫేర్ చిప్‌లోని రహస్య గణితాన్ని 2007 చివర్లో జర్మన్ పరిశోధకులు విప్పడం మొదలుపెట్టారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు దానిని పూర్తిగా ఛేదించారు. ప్రచురించకుండా ఆపమని ఎన్ఎక్స్‌పీ కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. అప్పటి నుంచి కొత్తగా రీడర్ కొనేవాళ్లు పాత చిప్‌ను చదవడంతో తృప్తి పడకూడదని తెలుసుకున్నారు. క్యూఆర్‌లో అసలు రహస్యమే లేదు. తెరను ఫొటో తీసి పదిమందికి పంపవచ్చు. దానికి కాపలా గేటులో లేదు, సర్వరులో ఉంది. ఒకసారి లోపలికి వెళ్లిన కోడ్ రెండోసారి వెళ్లదు. 1994లో రిజర్వేషన్ కోసం కట్టిన సిద్ధాంతమే ఇక్కడ పనిచేస్తోంది. నిజం కంప్యూటరులో ఉంటుంది, చేతిలో ఉన్నది గుర్తు.

మెట్రోకు గేటుంది. పక్కనే ఉన్న రైల్వే స్టేషన్‌లో లేదు. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లకు ఎవరైనా నేరుగా ఎక్కవచ్చు. టికెట్టు చూసేది టీటీఈ, అదీ ఎదురుపడితేనే. అందుకని రైల్వే రీడర్‌ను గేటులో కాక అమ్మకం దగ్గర పెట్టింది. స్మార్ట్ కార్డు పెడితే టికెట్టు ఇచ్చే ఏటీవీఎం యంత్రాలు, స్టేషన్‌లో అతికించిన క్యూఆర్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి టికెట్టు కొనే యాప్ వచ్చాయి. ఇక్కడ చదివేది ప్రయాణికుడి ఫోన్, చదివించుకునేది గోడ. మెట్రోకు పూర్తిగా తలకిందులు. ఒకే ఊళ్లో, ఒకే పేరున్న స్టేషన్లలో, రెండు వ్యవస్థలు నమ్మకాన్ని రెండు చోట్ల ఉంచాయి. రెండూ తమ జనానికి తగినవే.

అచ్చు మాత్రం వెనకబడింది. దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాద్‌లో సొంత ముద్రణాలయం ఉండేది. 2019లో రైల్వే బోర్డు దేశమంతటా తన ప్రెస్సులను మూసేస్తూ అయిదింటినే ఉంచాలనుకుంది. ముంబైలోని బైకుల్లా, హౌరా, ఢిల్లీ షకూర్‌బస్తీ, చెన్నై రాయపురంతో పాటు సికింద్రాబాద్‌దీ అందులో ఉంది. 2023 మేలో ఆ అయిదింటినీ మూసేయాలన్న నిర్ణయం వచ్చింది. అక్షరాలు పేర్చడం, వరుస సంఖ్య తప్పకుండా టికెట్టు కాగితం కొట్టడం చేతిపనిగా నేర్చుకున్న మనుషుల పని అది. గేటు యంత్రాల గురించి రాసేటప్పుడు వాళ్ల మాట లేకుండా పోవడం అన్యాయం. 2025 ఫిబ్రవరిలో స్టేషన్ పాత ముఖభాగాన్ని కూడా కొత్త కట్టడం కోసం కూల్చేశారు.

స్టేషన్ ముందు రేతిఫైల్ బస్టాండులో ఇదే కథకు ఇంకో పాయ ఉంది. నిజాం రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఆర్టీసీకి మూలం అది. అంటే ఈ ఊళ్లో బస్సు రైలుకు పుట్టిన బిడ్డ. కండక్టర్లు చాలాకాలం రంగురంగుల టికెట్ల కట్టలను ట్రేలో పెట్టుకుని, స్టేజీ చూసి చిల్లు కొట్టి ఇచ్చారు. ఎడ్మండ్‌సన్ బుద్ధికి పల్చని కాగితం రూపం అది. తర్వాత చేతిలో పట్టుకుని టికెట్టు కొట్టే టిమ్ యంత్రాలు వచ్చాయి. వాటికి ఇప్పుడు ఫోన్ చెల్లింపులు కూడా తెలుసు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఛార్జీ లేకపోయినా టికెట్టు తప్పదు. యంత్రం సున్నా రూపాయల టికెట్టు కొడుతుంది, ఎందుకంటే ఎంతమంది ఎక్కారో లెక్క కట్టి ప్రభుత్వం సంస్థకు డబ్బు చెల్లించాలి. ఎక్కిన మహిళ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. చాలామంది చూపించేది ఆధార్. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంది. కానీ కిక్కిరిసిన బస్సులో కండక్టరు ఆ కోడ్‌ను స్కాన్ చేయడు. ఫొటో, చిరునామా, ఎదురుగా ఉన్న ముఖం ఒక్కసారి చూసి, సున్నా టికెట్టు చింపి చేతిలో పెడతాడు. ఆ రద్దీలో అంతకంటే వేగంగా చదివే మాడ్యూల్‌ను ఇంకా ఎవరూ బస్సులో బిగించలేదు.